ఆ కొండ మీది రాళ్ల గుడిసె సారా బట్టీయేనా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ స్కాట్లాండ్ కొండల గురించే వచ్చాయి. నేను ఎక్సైజ్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణనీ, ఏటా కొన్ని నెలలు అబర్డీన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాననీ ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. అందుకే కాబోలు, దొంగ విస్కీ మాటెత్తితే చాలు, అందరూ నా మీదకే తోస్తున్నారు. సంతోషం. జవాబులన్నీ ఒకేచోట ఇస్తున్నాను.

ప్రశ్న: బాబాయి గారూ, మేం అబర్డీన్‌లో ఉంటాం. ఈమధ్య గ్లెన్‌లివెట్ లోయ పైన కొండల్లో నడవడానికి వెళ్లాం. చుట్టుపక్కల ఊరూ లేదు, ఇల్లూ లేదు. వాగుకి కొంచెం దూరంలో మోకాలెత్తున రాతి గోడలు కనిపించాయి, పైకప్పు లేదు. మాతో వచ్చినాయన "ఇక్కడ దొంగతనంగా విస్కీ కాచేవాళ్లు" అన్నారు. మావారేమో "ఏ గొర్రెల కాపరి గుడిసో అయ్యుంటుంది" అన్నారు. ఎవరిది రైటు? ఫొటో పంపుతున్నాను. (ఒక పాఠకురాలు, అబర్డీన్)

జవాబు: ఫొటో చూశానమ్మా. మీవారి వైపే మొగ్గుతున్నాను కానీ, ఆయన చెప్పిన కాపరి కూడా కాకపోవచ్చు. గోడల చుట్టూ గడ్డి చూడండి. కొండంతా గోధుమరంగు హెదర్ పొదలు, ఆ కాస్త మేర మాత్రం పచ్చటి పచ్చిక. వెనకాల ఇంకో మూడు దిబ్బలు కూడా కనబడుతున్నాయి. అవీ కూలిపోయిన గుడిసెలే. ఇలా గుంపుగా, ఎండ తగిలే చోట, పచ్చిక మధ్యలో ఉన్నాయంటే అది షీలింగ్ అయ్యుండడానికే ఎక్కువ అవకాశం.

షీలింగ్ అంటే వేసవి మకాం. కింద ఊళ్లో పైరు మొలిచాక పశువులు దాన్ని మేసేయకుండా ఆవుల్ని కొండ మీదికి తోలేసేవాళ్లు. వెంట వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. వేసవంతా అక్కడే ఉండి పాలు పితికి, వెన్న తీసి, చీజ్ చేసి, కోతల నాటికి దిగి వచ్చేవాళ్లు. రాళ్లూ, గడ్డితో సహా కోసుకొచ్చిన మట్టిపెళ్లలూ పేర్చి గోడలు కట్టేవాళ్లు. ఒక్క గది, మహా అయితే నాలుగైదు మీటర్ల పొడవు. తరతరాలుగా పేడ పడీ పడీ ఆ నేల బలిసింది. మనుషులు వెళ్లిపోయి రెండు వందల ఏళ్లు దాటినా ఆ పచ్చదనం ఇంకా పోలేదు. 18వ శతాబ్దం చివరి నుంచి పెద్ద పెద్ద గొర్రెల ఫారాలు వచ్చి ఈ పద్ధతి చాలాచోట్ల ఆగిపోయింది. లూయిస్ దీవిలో మాత్రం 20వ శతాబ్దంలో కూడా ఆడవాళ్లు ఇలా పైకి వెళ్లేవారు.

మరి బట్టీ అయితే ఎలా ఉంటుంది? ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది. గోదావరి ఏజెన్సీ అయినా, హైలాండ్స్ అనే ఈ స్కాట్లాండ్ కొండసీమ అయినా, సారా కాచేవాడికి కావలసినవి మూడే: పారే నీళ్లు, మంట, మరుగు. ఈ మూడూ ఒకేచోట దొరికే జాగాలు ఏ కొండలోనైనా కొన్నే ఉంటాయి. మేం సోదాకు వెళ్లినప్పుడు ఊరి దారి వదిలేసి వాగు వెంట పైకి నడిచేవాళ్లం. అక్కడి పాత అధికారులూ అదే చేశారు.

ముందు మరుగు చూడండి. షీలింగ్ కట్టినవాడు ఎవరికీ భయపడలేదు, కాబట్టి అది మైదానంలో ఉంటుంది. పది నిమిషాల నడక దూరం నుంచే కనబడుతుంది. బట్టీ గుడిసె అలా కాదు. వాగు కోసిన గండిలో, గట్టుని తొలిచి, వెనక గోడగా కొండనే వాడుకుని కడతారు. కింది నుంచి చూస్తే ఏమీ ఉండదు. సరిగ్గా దాని నెత్తిన నిలబడేదాకా అక్కడ గోడ ఉందని తెలియదు. ఇంకోటి, అది ఒంటరిగా ఉంటుంది. పక్కన నాలుగు గుడిసెలు ఉంటే నాలుగు నోళ్లు ఉన్నట్టే కదా.

తర్వాత నీళ్లు. ఏ గుడిసెకైనా దగ్గర్లో వాగు ఉంటుంది, దానిదేముంది. బట్టీకి నీళ్లు దగ్గర్లో ఉంటే చాలదు, లోపలికి రావాలి. రాగి కుండలో నుంచి వచ్చే ఆవిరి, చుట్టలు చుట్టిన రాగి గొట్టంలోంచి దిగుతుంది. ఆ గొట్టం చన్నీళ్ల తొట్టెలో మునిగి ఉండాలి. తొట్టెలో నీళ్లు వేడెక్కకుండా కొత్త నీళ్లు వస్తూనే ఉండాలి. అందుకని వాగుకి ఎగువ నుంచి చిన్న కాలువ తవ్వి, ఆ నీటిని గుడిసెలోకి మళ్లించి, ఇంకో వైపు నుంచి వాగులోకే వదిలేస్తారు. గోడ మొదట్లో నీళ్లు వచ్చిపోయే సందు, పై నుంచి దిగే సన్నటి కాలువ ఆనవాలు కనిపిస్తే అప్పుడు మీతో వచ్చినాయన మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

మూడోది మంట. కాలి ఎర్రబడి పగిలిన రాళ్లు, మామూలు పొయ్యి కంటే పెద్ద పొయ్యి, నల్ల మసి కలిసిన మట్టి. ఇవి తవ్వితేనే కనబడతాయి, మీరు తవ్వొద్దు. ఆ సంగతి చివర్లో చెబుతాను. దగ్గర్లో గుండ్రటి గొయ్యిలాంటి కట్టడం ఒకటి ఉండి, దానికి ఒకవైపు పొడవాటి పొగ దారి ఉంటే అది ధాన్యం ఆరబెట్టే బట్టీ. చాలామంది దీన్ని చూడగానే "విస్కీ!" అని గంతేస్తారు. తొందరపడకండి. అక్కడ కోతల వేళకి కూడా వానలే. ఓట్స్ అయినా, బార్లీ అయినా నిప్పు సెగ తగలకుండా ఎండదు. ఊరూరా అలాంటి బట్టీ ఉండేది. ఊరికి తగ్గట్టున్న బట్టీ ఏమీ రుజువు చేయదు. అంత పొలం లేని చోట మరీ పెద్ద బట్టీ ఉంటే మాత్రం నాకు అనుమానం వస్తుంది. లోక్ ఆర్డ్ అడవిలో పాడుబడ్డ రెండు పొలం ఇళ్ల దగ్గర పురావస్తు వాళ్లకి వచ్చిన అనుమానం కూడా ఇదే. కొండవాలులో పొడవాటి రాతి కట్టడాలు, అవసరానికి మించిన ధాన్యం బట్టీలు, ఎవరి కంటా పడని చోటు, అయినా గ్లాస్గోకి సరుకు చేరవేయడానికి వీలైన దూరం. అక్కడ కూడా వాళ్లు "అయ్యుండొచ్చు" అనే అన్నారు, "అవును" అనలేదు.

ఎందుకనలేదంటే, అసలు సాక్ష్యం అక్కడ ఉండదు కాబట్టి. కుండా, గొట్టమూ రాగివి. ఆ కొండవాడి ఆస్తిలో అంత ఖరీదైన వస్తువు ఇంకోటి ఉండేది కాదు. గుడిసె వదిలి పారిపోయినా రాగిని మాత్రం వీపున వేసుకుని పోతాడు, లేదా పీట్ బురదలో పాతిపెడతాడు. అధికారులు వస్తే వాళ్లు పట్టుకుపోతారు, లేదా చితక్కొడతారు. మనకి మిగిలేది రాళ్లు. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వాళ్లు గ్లెన్‌లివెట్ డిస్టిలరీతో కలిసి తమ భూముల్లో ఇలాంటి చోట్లను వెతికే పని పెట్టుకుని, 2021లో టోరిడన్ కొండల్లో తవ్వారు. అంత పెద్ద సంస్థ, శాస్త్రం చదువుకున్న మనుషులు, వాళ్లే ఒక్కొక్క రాయినీ చూసి ఆచితూచి మాట్లాడతారు. మనం ఫొటో చూసి తీర్పు చెప్పేస్తాం.

ఇంతా చెప్పి మీతో వచ్చినాయన్ని పూర్తిగా కొట్టిపారేయను. షీలింగ్ వేసవిలో ఆడవాళ్లది. కోతలై బార్లీ ఇంటికొచ్చాక, రాత్రులు పొడవై వాగు నీళ్లు జివ్వుమనే కాలానికి అది ఖాళీగా ఉంటుంది. గోడలు సిద్ధంగా ఉన్నాయి, పొయ్యి ఉంది. ఖాళీ షీలింగులను సారా కాయడానికి వాడుకున్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి ఒకే గుడిసెలో జూలైలో వెన్న, నవంబరులో విస్కీ తయారై ఉండొచ్చు. మీ ఫొటోలోది మాత్రం మరీ బట్టబయలుగా ఉంది. నేనే బట్టీ పెట్టేవాణ్ణయితే అక్కడ పెట్టను.

ఇంకొక్క మాట. రాతిగోడలు ఇంకా వెడల్పుగా, పొడవుగా ఉండి, పక్కన దడులూ, పాత పొలం గట్లూ, ముట్టుకుంటే దురద పెట్టే నెటిల్ మొక్కలూ ఉంటే అది గుడిసె కాదు, ఊరు. పైన ఉత్తరాన స్ట్రాత్‌నేవర్ లోయలో రోసల్ అనే ఊరుంది, 1814, 1818 మధ్య జనాన్ని ఖాళీ చేయించి గొర్రెలకి ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడ సందర్శకుల కోసం దారి వేశారు. అలాంటి చోట నిలబడి "సారా కాచేవాళ్లట" అని నవ్వుకుంటే నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: మన దగ్గర బెల్లం ఊట, అమ్మోనియా అని పేపర్లో చదువుతుంటాం. వాళ్లు దేంతో కాచేవారు? అంత పొగ వస్తుంటే దొరికిపోరా? (ఒక పాఠకుడు, రాజమండ్రి)

జవాబు: వాళ్ల సరుకు బార్లీ. పని మనదానికంటే చాలా ఎక్కువ. బార్లీని గోనెలో కట్టి వాగులో రెండు రోజులు నానేస్తారు. తీసి పరిచి, తిరగేస్తూ, వారం పది రోజులు మొలకెత్తనిస్తారు. మొలక వచ్చాక పీట్ మంట మీద ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలలో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు, గడ్డి. దాన్ని ముక్కలుగా కోసి పిడకల్లాగే ఎండబెట్టి కాలుస్తారు. విస్కీలో పొగ వాసన అంటారే, అది ఇక్కడి నుంచి వచ్చిందే. అలా ఆరిన మొలక గింజల్నే మాల్ట్ అంటారు. దాన్ని నలిపి, వేడి నీళ్లలో కలిపి, ఆ తియ్యటి నీళ్లు వంపి, ఈస్ట్ వేసి పులియబెడతారు. అదే వాళ్ల ఊట. దాన్ని రెండుసార్లు కాచాలి. మొదటిసారి పలచటి సరుకు దిగుతుంది, దాన్ని మళ్లీ కాస్తే విస్కీ. రెండోసారి కూడా మొదట దిగేదీ చివర దిగేదీ పక్కన పెట్టి, మధ్యది పడతారు.

అంతా కలిపి రెండు మూడు వారాలు. ఎక్సైజ్ వాడి కళ్లతో చూస్తే ఇదే వాళ్ల బలహీనత. బెల్లం ఊటని పొదలో డ్రమ్ములో పెట్టి వెళ్లిపోవచ్చు. మొలకెత్తే బార్లీని రోజూ చూసుకోవాలి. ఒక మనిషి పనిలేని చోటికి రోజూ పోతున్నాడంటే ఊళ్లో నలుగురికీ తెలుస్తుంది. ఊరంతా అందులో ఉంటేనే ఆ పని సాగుతుంది, సాగింది కూడా. అధికారి లోయ మొదట్లో కనబడితే చాలు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కబురు పైదాకా వెళ్లిపోయేది.

ఇక పొగ. జూనిపర్ పొద కొమ్మలు వాడితే పొగ రాదని అక్కడ చెప్పుకుంటారు. రాత్రిపూట కాచేవాళ్లు. మంచు కమ్మిన రోజు ఇంకా మంచిది. గుడిసె నుంచి నేల కింద దారి తవ్వి, పొగని ఇంకోచోట ఇంటి చిమ్నీలో కలిపిన కథలు కూడా ఉన్నాయి. కానీ నా అనుభవంలో పొగ కంటే వాసన ఎక్కువ పట్టిస్తుంది. పులిసిన ఊట వాసన గాలివాటున ఎంత దూరం కొడుతుందో ఆ ఉద్యోగం చేసినవాడికే తెలుసు.

ప్రశ్న: సార్, మీ శాఖ వాళ్లు అక్కడ కూడా మామూళ్లు తీసుకునేవారా? ఏమీ అనుకోకండి. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: అనుకోను నాయనా, అలవాటే. అక్కడి అధికారిని జనం గేజర్ అనేవాళ్లు. కవి రాబర్ట్ బర్న్స్ కూడా 1789లో ఆ ఉద్యోగంలోనే చేరాడు. జీతం తక్కువ, పట్టుకున్న సరుకులో వాటా ఎక్కువ. ఇన్‌ఫార్మర్లకీ, వెంట వచ్చే మనుషులకీ డబ్బు సొంత జేబులోంచే. ఇలాంటి ఏర్పాటు పెట్టి నిజాయితీగా ఉండమనడం ఎక్కడైనా కష్టమే.

దీనికి పెద్ద ఉదాహరణ అబర్డీన్ పక్కనే ఉన్న స్కీన్‌లో పనిచేసిన మాల్కమ్ గిలెస్పీ. లంచగొండి కాదు, మొండివాడు. విస్కీ పీపాలు మోసుకొచ్చే గుర్రాల ముక్కు పట్టుకునేలా ఒక కుక్కకి శిక్షణ ఇచ్చాడు. గుర్రం నొప్పికి ఎగిరితే పీపాలు కింద పడతాయి. ఆయన తన సర్వీసు గురించి తనే చెప్పుకున్న లెక్కలో 407 బట్టీలు, 6,535 గాలన్ల విస్కీ, 62,400 గాలన్ల ఊట, 165 గుర్రాలు, 85 బండ్లు పట్టుకున్నాడు. ఒంటి మీద 42 గాయాలు. ఇన్ని చేసి చివరికి అప్పుల పాలై, దొంగ బిల్లులు సృష్టించి దొరికిపోయాడు. 1827 నవంబరు 16న అబర్డీన్‌లో ఉరి తీశారు. ఆ లెక్కలు చదువుతుంటే నాకు మాత్రం ఊట దగ్గర కళ్లు ఆగాయి. విస్కీకి దాదాపు పది రెట్లు ఊట. అంటే సరుకు దిగకముందే చాలాచోట్ల చేరుకున్నాడన్నమాట. పని తెలిసినవాడు.

మీరడిగిన మామూళ్ల కంటే తమాషా సంగతి ఇంకోటుంది. బట్టీ సమాచారం ఇచ్చినవాళ్లకి 5 పౌండ్లు బహుమానం ఉండేది. రాగి గొట్టం అరిగిపోయి పనికిరాకుండా పోయాక, కాచేవాడే దాన్ని ఏ గుడిసెలోనో వదిలేసి, అధికారికి ఉప్పందించి, ఆ 5 పౌండ్లతో కొత్త రాగి కొనుక్కునేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓర్క్‌నీ దీవుల్లో మాగ్నస్ యూన్సన్ అని చర్చిలో పనిచేసే ఒకాయన గురించి ఇంకా పెద్ద కథ ఉంది. సోదాకి వస్తున్నారని తెలిసి పీపాల మీద తెల్లగుడ్డ కప్పి, పైన శవపేటిక మూత పెట్టి, అందరూ చుట్టూ మోకరిల్లి ఏడుస్తుంటే ఎవరో "మశూచి" అని గుసగుసలాడారట. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగారట. నిజమో కాదో గానీ, నేనైనా తిరిగేవాణ్ణే.

ప్రశ్న: అసలు సొంత పంటతో సొంతంగా కాచుకుంటే దొంగతనం ఎలా అయింది? మళ్లీ ఆ ఊళ్లోనే అంత పెద్ద కంపెనీలు ఎలా వచ్చాయి? (ఎడిన్‌బరోలో ఎంబీఏ చదువుతున్న విద్యార్థి)

జవాబు: మొదట దొంగతనం కాదు. ఇంట్లో వాడుకోవడానికి చిన్న కుండతో కాచుకోవడం చాలాకాలం చట్టబద్ధమే. 1779లో ఆ కుండని 10 గాలన్ల నుంచి 2 గాలన్లకి కుదించారు, 1781లో పూర్తిగా నిషేధించారు. తర్వాత యుద్ధాల ఖర్చుకని పన్నులు పెంచుకుంటూ పోయారు. 1814లో హైలాండ్స్‌లో 500 గాలన్ల కంటే చిన్న కుండకి లైసెన్స్ లేదన్నారు. అంత కుండకి సరిపడా బార్లీ ఆ లోయల్లో పండేదే కాదు. చట్టప్రకారం బతకడానికి దారి మూసేసి, తర్వాత దొంగ అన్నారు.

రైతు వైపు నుంచి చూడండి. కౌలు డబ్బు రూపంలో కట్టాలి. బార్లీని గుర్రాల మీద కొండలు దాటించి అమ్మితే ఏం మిగులుతుంది? అదే బార్లీ విస్కీ అయితే బరువు తక్కువ, ధర ఎక్కువ. ఆ డబ్బుతోనే జమీందారుకి కౌలు ముట్టేది. కాబట్టి జమీందారు చూసీ చూడనట్టు ఉండేవాడు. కేసు పెడితే విచారించే మెజిస్ట్రేటు కూడా ఎక్కువసార్లు ఆ జమీందారే, లేదా ఆయన బంధువే. నామమాత్రం జరిమానా వేసి పంపేసేవాడు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు గ్లెన్‌లివెట్ విస్కీయే కావాలన్నాడు. అప్పటికి ఆ లోయలో లైసెన్స్ ఉన్న బట్టీ ఒక్కటి కూడా లేదు! రాజుగారి పన్ను ఎగ్గొట్టిన సరుకే రాజుగారి గ్లాసులోకి వెళ్లింది.

ఆ మరుసటి ఏడాది, 1823లో, చట్టం మార్చారు. 40 గాలన్ల కుండ చాలు, ఏడాదికి 10 పౌండ్ల లైసెన్స్, గాలన్‌కి 2 షిల్లింగుల 3 పెన్నీల పన్ను. పన్ను సగానికి పైగా తగ్గింది. గార్డన్ డ్యూక్ లాంటి పెద్ద జమీందారులు దీన్ని సమర్థించారు. ఆయన కౌలుదారు జార్జ్ స్మిత్ 1824లో గ్లెన్‌లివెట్‌లో మొదటి లైసెన్స్ తీసుకున్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఊరుకోలేదు. బట్టీని తగలబెడతాం, నిన్నూ అందులోనే వేస్తాం అన్నారు. అబర్‌లౌర్ జమీందారు ఇచ్చిన జత పిస్తోళ్లు నడుముకి పెట్టుకుని తిరిగాడు పాపం. ఆ పిస్తోళ్లు ఇప్పటికీ దాచి ఉంచారు.

ఎంబీఏ వాళ్లు కాబట్టి అంకెలు చెబుతాను. 1823లో స్కాట్లాండ్‌లో పట్టుబడిన కేసులు 14,000. 1834లో 692. 1874 నాటికి 6. సోదాల వల్ల తగ్గిందా, చట్టం సులువు చేయడం వల్ల తగ్గిందా అంటే, రెండూ ఉన్నాయి. గిలెస్పీని ఉరి తీసిన ఏడాదే కార్గార్ఫ్ కోటలో సైనికులను పెట్టి 1831 దాకా ఉంచారు. కానీ నా ఓటు మాత్రం ఆ 10 పౌండ్ల లైసెన్స్‌కే. అయితే అందరూ జార్జ్ స్మిత్‌లు కాలేదు. కాబ్రాక్ అనే మారుమూల ప్రాంతంలో బ్లాక్‌మిడెన్స్ అని ఒక పొలం ఉంది. వాళ్లూ కొత్త చట్టం కింద లైసెన్స్ తీసుకున్నారు, కొన్నేళ్లకే మూసేశారు. ఇప్పుడు అదీ రాళ్లకుప్పే, పురావస్తు వాళ్లు తవ్వి పునాదులు బయటపెట్టారు. కాబట్టి పాడుబడ్డ ప్రతి బట్టీ దొంగ బట్టీ కూడా కాదు. కొన్ని లైసెన్స్ తీసుకుని మరీ దివాళా తీశాయి.

ప్రశ్న: మన రంప తిరుగుబాటు కూడా కల్లు పన్ను మీదే కదా? ఇది చదువుతుంటే అదే గుర్తొస్తోంది. (ఒక టీచరు, రంపచోడవరం)

జవాబు: గుర్తొచ్చి తీరాలి మాస్టారూ. 1879లో గోదావరి ఏజెన్సీలో లేచిన ఆ తిరుగుబాటుకి కారణాలు చాలా ఉన్నాయి. మన్‌సబ్‌దారు (ఆ కొండల జమీందారు) దోపిడీ, పోలీసుల జులుం, వడ్డీ వ్యాపారులు. అయితే అగ్గి రాజేసింది కల్లు విషయమే. ఇంట్లో తాగడానికి కూడా చెట్టు గీయకూడదన్నారు, కల్లు ఆదాయాన్ని కాంట్రాక్టర్లకి కట్టబెట్టారు, పైన చిగురుపన్ను అని కల్లుగీత మీద పన్ను. లండన్‌లోని ఆ ప్రభుత్వమే వందేళ్ల ముందు హైలాండ్స్ కొండవాడికి చెప్పిందీ ఇదే: నీ పంట నీదే, నువ్వు తాగేది మాత్రం నాది.

తేడా కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. హైలాండ్స్‌లో జమీందారు కౌలు కోసమైనా కొండవాడి పక్కన నిలబడ్డాడు, చివరికి పార్లమెంటులో మాట్లాడాడు. రంపలో పైవాడు కొండవాడి పక్కన లేడు. మన్‌సబ్‌దారే పన్ను పిండాడు. అందుకే అక్కడ చట్టం మారింది, ఇక్కడ తుపాకులు లేచాయి. ఆ తిరుగుబాటు నడిపిన కారం తమ్మన్న దొర పేరుతో కంపెనీ ఏదీ రాలేదు.

ప్రశ్న: మా గ్యారేజీలో సరదాకి చిన్న కుండ పెట్టి కాచుకోవచ్చా అంకుల్? బీరు ఇంట్లో చేసుకుంటున్నారు కదా. (ఇన్వర్‌నెస్ నుంచి ఒక కుర్రాడు)

జవాబు: కూడదు. బీరు, వైన్ ఇంటి వాడకానికి పులియబెట్టుకోవచ్చు. కాచి ఆవిరి పట్టాలంటే యూకేలో లైసెన్స్ కావాలి, సరదాకైనా సరే. పైగా వీసా మీద ఉన్నట్టున్నావు. కొట్లో కొనుక్కో నాయనా.

ప్రశ్న: నమస్కారం అండీ. నడక దారిలో ఒక వాగు గట్టున పచ్చగా తుప్పు పట్టిన లోహపు ముక్క దొరికింది, రాగిలా ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను. పాత బట్టీదేనా? ఇలాంటి చోట్లు ఇంకా వెతకాలని ఉంది. మెటల్ డిటెక్టర్ కొనమంటారా? (ఒక పాఠకుడు, పెర్త్)

జవాబు: డిటెక్టర్ కొనొద్దండి, ముందు ఆ ముక్క సంగతి చూడండి. స్కాట్లాండ్ చట్టం మిగతా చోట్ల కంటే గట్టిది. బంగారమే కానక్కర్లేదు. ప్రాచీన వస్తువు ఏది దొరికినా అది రాజ్యానిదే, ట్రెజర్ ట్రోవ్ యూనిట్‌కి తెలియజేయాలి. మీరు ఎక్కడ ఎత్తారో గుర్తుండగానే మ్యాప్ మీద చుక్క పెట్టండి, ఆ చోటు ఫొటో ఉంటే జతచేయండి, కడగకండి, తోమకండి. నిమ్మకాయతో తోమితే తళతళలాడుతుంది, దాంతోపాటు సాక్ష్యం కూడా పోతుంది. బట్టీ ముక్కో, పాత బక్కెట్టు ముక్కో వాళ్లు చెబుతారు. బక్కెట్టే అయితే మీకే ఇచ్చేస్తారు.

రక్షిత కట్టడమని ప్రకటించిన చోట అనుమతి లేకుండా డిటెక్టర్ పట్టుకోవడమే నేరం. ఏ గోడ రక్షితమో, ఏది కాదో కొండ మీద బోర్డు ఉండదు. నడవడానికి మాత్రం భయం లేదు. 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం, ఎవరికీ ఇబ్బంది లేకుండా, బాధ్యతగా, ఎవరి కొండ మీదైనా నడిచే హక్కు మీకుంది. గోడల మీద ఎక్కకండి, రాయి తీసి ఇంకో రాయి మీద పేర్చకండి.

వెతకాలని ఉంటే డిటెక్టర్ కంటే మంచి పనిముట్టు ఉచితంగా ఉంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్లు 19వ శతాబ్దపు సర్వే మ్యాపులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు. మైలుకి ఆరంగుళాల కొలతతో గీసినవి. వాటిలో చాలాచోట్ల షీలింగులని రాసి ఉంటుంది, పాడుబడిన ఇళ్లు కూడా గుర్తు పెట్టి ఉంటాయి. ముందు అవన్నీ మీ లెక్కలోంచి తీసేయండి. తర్వాత హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వారి రికార్డులో ఆ లోయ పేరు కొట్టి, ఇప్పటికే నమోదైనవి తీసేయండి. అప్పుడు మ్యాప్‌లో ఊరికి గంటన్నర నడక దూరంలో, రెండు వాగులు కలిసే చోట, ఎత్తు చూపే గీతలు బాగా దగ్గర దగ్గరగా ఉన్న గండి ఏదైనా మిగిలిందా చూడండి. మిగిలితే అక్టోబరులో వెళ్లండి. అప్పటికి ఫెర్న్ మొక్కలు వాడి పడిపోతాయి, గోడలు బయటపడతాయి. వేసవిలో వెళితే గోడ పక్కనే నిలబడినా కనబడదు, పైగా మిడ్జ్ దోమలు తినేస్తాయి. రెండు జతల సాక్సులు పెట్టుకోండి. ఏమైనా కనిపిస్తే, ఫొటోతోపాటు నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో కూడా రాసి పంపండి.